బయటి పంచ

"ఈ పంచలో కోడిని ఎవరు పొదగేశారే?" అని మేనత్త అమ్మాజీ అడిగిన చోట శేషారత్నాన్ని నిలబెట్టి వచ్చాం. పాపం, ఆ పిల్ల ఇంకా అక్కడే ఉంది. ముందుకు వెళ్ళేలోగా, కొత్తగా ఈ దోనె ఎక్కిన వాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్పుకుందాం.

శేషారత్నం కొల్లేటి లంకలో చేపలు పట్టుకుని బతికే వీరాస్వామికి ఒక్కగానొక్క కూతురు. ఏలూరులో ఆడపిల్లల బోర్డింగులో ఉండి థర్డ్ ఫారం చదువుతోంది. ఆషాఢంలో ఫ్లూ జ్వరాలు ప్రబలి బోర్డింగు మూసేస్తే ఇంటికి వచ్చింది. ఆమె వచ్చిన కొద్ది రోజులకే జ్వరం లంకకీ వచ్చింది. లంకలో ఒకరికి మంచినీళ్ళిచ్చే మనిషి ఇంకొకరు లేని రోజులవి. ఆ జ్వరంలోనే తల్లి మంగమ్మ పోయింది. తర్వాత బోర్డింగు తెరిచారని కబురొచ్చింది. వీరాస్వామి కూతుర్ని పంపలేదు. పంపమని కూతురూ అడగలేదు. ఇప్పుడు కార్తీకం. కొల్లేరు నిండుకుండలా ఉంది. తాడేపల్లిగూడెంలో కాపురముంటున్న అమ్మాజీ, తల్లిలేని పిల్లని చూసి పోదామని వచ్చానంటూ ఒక సంచీ, ఒక గొడుగు, అరటిపళ్ళ అత్తం ఒకటీ పట్టుకుని ఇప్పుడే దిగింది.

ఇక ఆ పంచ సంగతి. ఇంటికి తూర్పున, గోడకి ఎడంగా, నాలుగు తాటి గుంజల మీద తాటాకు కప్పిన చిన్న పంచ అది. అందులో ఒక చాప, ఒక సత్తు పళ్ళెం, మూతి విరిగిన కుండ ఒకటి. ఇంట్లో ఆడమనిషి బయట చేరినప్పుడు ఆ మూడు రోజులూ అక్కడే కూర్చోవాలి, అక్కడే పడుకోవాలి. పొయ్యి ముట్టుకోకూడదు, వల ముట్టుకోకూడదు, దోనె అంచు మీద చెయ్యి వెయ్యకూడదు. లంకలో ప్రతి ఇంటికీ అలాంటి పంచ ఉంటుంది. నీళ్ళ ఒడ్డునే కనక, దోనెల మీద వచ్చేపోయే వాళ్ళందరికీ ఏ ఇంటి పిల్ల ఎప్పుడు బయట ఉందో ఒకరు చెప్పనక్కరలేకుండా తెలిసిపోతుంది.

అలాంటి పంచలో చాప మీద గడ్డి పరిచి, ఆ గడ్డి మీద ఎర్రకోడి ఒకటి, కింద బాతుగుడ్లు పెట్టుకుని, ప్రపంచంతో పనిలేనట్టు కళ్ళు అరమూసుకుని కూర్చుంది.

"నేనే పెట్టానే," అని మామ్మ సింహాచలం లోపల్నించి జవాబిచ్చింది. "పంచ ఖాళీగానే ఉంది గదా అని. నెల కావస్తోంది. నేడో రేపో పిల్లలు దిగుతాయి."

"ఖాళీగానే ఉందా," అంది అమ్మాజీ. గొడుగు మడిచి చూరులో దోపి, కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళింది.

*

తెల్లారాక వీరాస్వామి చద్దన్నం తిని, నీళ్ళలో కట్టిన వెదురు చేపమావుల్లో రాత్రి ఏం పడ్డాయో చూసుకోడానికి దోనె తోసుకుని వెళ్ళిపోయాడు. మంచు పొర ఇంకా నీళ్ళ మీద నుంచి లేవలేదు. కిక్కిస గడ్డి దుబ్బుల అవతల గూడబాతులు వరసగా దిగుతున్నాయి. ఒక్కొక్కటీ నీళ్ళకి తగలగానే ఒక్క అడుగు జారి, ఏమీ జరగనట్టు రెక్కలు సర్దుకుంటోంది. చూసేవాళ్ళకి నవ్వొస్తుంది. శేషారత్నానికీ వెనక నవ్వొచ్చేది.

ఇప్పుడు ఆమె గుమ్మం ముందు కత్తిపీట వేసుకుని, బూడిదలో పొర్లించిన మట్టగిడసల్ని పట్టుకుని తలలు కోస్తోంది. జ్వరం వచ్చి తగ్గిన దగ్గర నుంచీ ఆమెకి నాలుక మీద రుచి తెలియడం లేదు. ఉప్పు వేశానో లేదో తెలియక మళ్ళీ వేస్తుంది. అయ్య ఏమీ అనకుండా తింటాడు. మామ్మ మంచినీళ్ళు కలుపుకుని తింటుంది. రాత్రి అమ్మాజీ ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని, "సముద్రం కొల్లేట్లోకి పొంగిందేమోననుకున్నాను, నీ కూర్లోకి పొంగిందా అమ్మా," అంది. అందరూ నవ్వారు. తనూ నవ్వాలని శేషారత్నానికి తెలిసింది. అప్పటికి నవ్వు అయిపోయింది.

రుచి ఒక్కటే పోయిందనుకుంది గాని, దాంతో పాటు ఇంకేమేమో పోయాయి. అమ్మని తీసుకెళ్ళినప్పుడు ఏడవలేదు. పెద్దదినం నాడు ఏడవలేదు. "రాయిలా ఉంది పిల్ల," అన్నారు ఇరుగమ్మలు. రాయికైనా ఎండకి వేడెక్కడం తెలుస్తుంది.

"అమ్మా, పక్కింటి బంగారమ్మ గారి కాడ పచ్చిమిరపకాయలు కాసినట్టున్నాయి. గుప్పెడు అడిగి పట్రా," అని అమ్మాజీ తల్లిని బయటికి పంపేసింది. ముసలావిడ కర్ర పట్టుకుని మెల్లిగా వెళ్ళేదాకా చూసి, వచ్చి శేషారత్నం ఎదురుగా పీట వేసుకుంది.

"కత్తిపీట అవతల పెట్టు."

"చేపలు ఇంకా సగం ఉన్నాయత్తా."

"అవెక్కడికీ పోవులే, ప్రాణం పోయింది గదా. ఇలా చూడు నావైపు."

శేషారత్నం చూసింది. మేనత్త ముక్కుకి ఎడమవైపున్న తెల్లరాయి పుడక మీద వెలుగు పడి, చిన్న చుక్క ఒకటి ఆమె చెంప మీద ఆడుతోంది. ఆ చుక్కనే చూస్తూ కూర్చుంది.

"ఎన్నాళ్ళయిందే?"

"ఏవిటి?"

"నువ్వు బయట చేరి."

శేషారత్నం బొటనవేలికి ఒక పొలుసు అంటుకుని ఉంది. దాన్ని చీర అంచుకి రాసింది. అది ఊడి రాలేదు.

"నేను అరటిపళ్ళు పట్టుకుని చుట్టపుచూపుగా వచ్చానేంటే?" అంది అమ్మాజీ గొంతు తగ్గించి. "గూడెం దాకా వచ్చిందే మాట. మీ మావయ్య పన్జేసే మిల్లులో ఈ లంకవాడొకడు బస్తాలు మోస్తున్నాడు. ఫలానా వీరాస్వామి కూతురు బోర్డింగు నుంచి వచ్చిన కాడ్నించీ ఒక్కసారీ బయట కూర్చోలేదంట అని నలుగురిలో అన్నాడు. మీ మావయ్య ఆ పూట అన్నం తినలేదు. ఇక్కడ బంగారమ్మ ఏమందో తెలుసా? రేవులో నన్ను చూసి నవ్వుతా, 'మీ మేనకోడలు దొరసానుల మతం పుచ్చుకుందా ఏవిటమ్మా, మూల కూర్చోడం మానేసింది?' అంది. అది నవ్వుతా అన్న మాట. నవ్వకుండా అనుకునే మాట నీకు తెలుసా?"

"తెలుసు."

"తెలిసే కూర్చున్నావా!"

అమ్మాజీ చెయ్యి లేచింది. కొట్టడానికేనేమో. సగంలో ఆగి, శేషారత్నం నుదుటి మీద పడిన వెంట్రుకల్ని వెనక్కి తోసి, మళ్ళీ ఒళ్ళోకి వచ్చేసింది.

"ఎవడే వాడు?"

"ఎవరూ లేరు."

"బోర్డింగులో పంతులా? తోటమాలా? పడవ దింపినవాడా? చెప్పవే. నిన్ను చంపుకోడానికి రాలేదు, బతికించుకుందామని వచ్చాను. వచ్చేటప్పుడే మండవల్లిలో మంత్రసాని గంటాలమ్మని కలిసి వచ్చాను. నేడో రేపో ఏదో ఒక దోనె ఎక్కి వస్తానంది. ఏదో వేరు నూరి ఇస్తుందంట. రెండు పూటలు కడుపులో నొప్పి పడితే అయిపోతుందంట."

"పోయినేడు అక్కమ్మ కూతురికీ ఆవిడే ఇచ్చింది."

ఆ మాట శేషారత్నం ఊరికే, ఊళ్ళో ఎవరి ఆవు ఈనిందో చెప్పినట్టు చెప్పింది. అక్కమ్మ కూతుర్ని ఏ గట్టున పెట్టారో అమ్మాజీకీ తెలుసు.

"నాకు మాత్రం భయం లేదనుకున్నావా?" అంది. "ఏం చెయ్యమంటావు మరి?"

నిజం చెప్పేస్తే సరిపోయే విషయం. ఇది వింటున్న మీకూ అలాగే అనిపిస్తుంది. శేషారత్నం కూడా ఇన్నాళ్ళూ ఆ నిజాన్ని నోట్లో పెట్టుకునే తిరుగుతోంది. కాని అది ఎలాంటి నిజమంటే, దాన్ని బయట పెట్టిన మరుక్షణం ఆమె మీద పడ్డ ఈ నింద పోయి, ఇంకో నింద వచ్చి కూర్చుంటుంది. రెండోది మొదటి దానికంటే బరువు. అందుకే ఏది మొయ్యాలో తేల్చుకోలేక, ఏదీ తనది కానట్టు ఉండిపోయింది.

"నన్ను ఏలూరు తీసుకెళ్ళత్తా," అంది. "బోర్డింగులో నర్సు రూతమ్మగారున్నారు. ఆవిడ చూసి చెబుతారు."

"చాల్లే. ఏలూరు ఆసుపత్రి మెట్లెక్కితే ఇంక దాచేదేముంది? పప్పుబెల్లాల్లా ఊరంతా పంచినట్టే. ముందు నాకు చెప్పు. కడుపుతో లేకపోతే బయట ఎందుకు కూర్చోలేదు?"

"కూర్చుంటే అమ్మకి గంజి ఎవరు పోస్తారు?"

అమ్మాజీకి వెంటనే అర్థం కాలేదు.

శేషారత్నం కత్తిపీట వంకే చూస్తూ చెప్పింది. గొంతు ఎక్కడా హెచ్చలేదు, తగ్గలేదు. ఆషాఢంలో ముందు మామ్మ పడింది. తర్వాత అయ్య. ఆ మర్నాడు అమ్మ పొయ్యి ముందే కూర్చుండిపోయింది. ముగ్గురికీ తనే మూడు చాపలు పరిచింది. పక్కింట్లో బంగారమ్మగారు పడుకున్నారు, ఆ పక్కింట్లో అందరూ పడుకున్నారు. ఆ ఇంట్లో దూడ అరుస్తుంటే కట్టు విప్పిన వాళ్ళు లేరు. అలాంటి పూట ఉదయం లేచి చూసుకుంటే తను బయట చేరింది.

"పంచ దాకా వెళ్ళానత్తా. చాప కూడా దులిపాను. లోపల్నించి అయ్య నీళ్ళు, నీళ్ళు అంటున్నాడు. కాసేపు అక్కడే నిలబడ్డాను. ఎవరైనా వస్తారేమో, పిలుద్దామని చూశాను. నీళ్ళ మీద ఒక్క దోనె లేదు. బోర్డింగులో ఎవరూ మూల కూర్చోరు. సువార్తమ్మ అని నా పక్క మంచం పిల్ల, ఎలా కట్టుకోవాలో, ఎక్కడ ఉతికి ఆరేసుకోవాలో అన్నీ చూపించింది. తానం చేసి క్లాసుకి పోతాం. అక్కడ ఎవరికీ ఏమీ కాలేదు. అందుకని..."

"అందుకని?"

"తానం చేసి లోపలికి వచ్చి గంజి కాచాను."

అమ్మాజీ పీట మీద నుంచి కొంచెం వెనక్కి జరిగింది. తను జరిగినట్టు ఆమెకే తెలియదు.

"ఆ చేత్తోనే?"

"ఆ చేత్తోనే. ముగ్గురికీ. అమ్మకి నుదుటి మీద తడిగుడ్డ వేశాను. అమ్మవారి బొట్టు పెట్టమంటే పెట్టాను. దోనె వేసుకుని మండవల్లి వెళ్ళి మందు బిళ్ళలు తెచ్చాను."

"దోనె కూడా ముట్టుకున్నావా!"

"ఈదుకుంటూ వెళ్ళలేను గదత్తా."

మరొకప్పుడైతే అది వేళాకోళమయ్యేది. శేషారత్నం వేళాకోళానికి అనలేదు. అమ్మాజీ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె కళ్ళలో ఏం కదులుతోందో ఈ పిల్ల ముందే చూసింది. చాలా రోజులుగా తన లోపలే చూస్తూ ఉంది. వదిన చచ్చిపోయింది. ముట్టుకుంది. వదిన చచ్చిపోయింది.

"మా వదిన... ఆ సంగతి తెలియకుండానే తాగిందా అమ్మా ఆ గంజి?"

"తెలుసు."

"ఏవిటీ?"

"అమ్మకి తెలుసు. ఉతికిన గుడ్డ చూరు కింద ఆరేస్తుంటే చూసింది. నేను గిన్నె కింద పెట్టేసి గుమ్మంలో ఆగిపోయాను. తిడుతుందనుకున్నాను. చాలాసేపు నా వంకే చూసింది. అప్పుడు 'ఎవరికీ చెప్పకు,' అంది. 'ఇలా రా. గంజి పొయ్యి,' అంది."

పొలుసు ఇంకా బొటనవేలికే ఉంది. శేషారత్నం దాన్ని గోటితో గీకింది. ఈసారి ఊడింది.

"సగం గిన్నె తాగింది. మిగిలింది నన్ను తాగమంది. ఎంగిలి. తాగాను."

సరిగ్గా అప్పుడు వెనకాల ఏదో టపటపా రాలింది. ఇద్దరూ తిరిగి చూశారు. పచ్చిమిరపకాయలు. మామ్మ సింహాచలం గోడవారన కర్ర మీద ఆనుకుని నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో, ఎక్కడ నుంచి విందో తెలియదు. పమిట కొంగు చేతిలోంచి జారి, అందులోని కాయలన్నీ కాళ్ళ దగ్గర పడ్డాయి.

"అమ్మా, నువ్వు లోపలికి రా..." అని అమ్మాజీ లేవబోయింది.

ముసలావిడ లోపలికి రాలేదు. కర్ర గోడకి చేరవేసి, ఎవరి వంకా చూడకుండా రేవు వైపు నడిచింది. కట్టుకున్న చీరతోనే నీళ్ళలోకి దిగింది. మోకాళ్ళు, నడుము, ఛాతీ. ముక్కు పట్టుకుని మునిగింది. లేచింది. మళ్ళీ మునిగింది. మైల పడ్డవాళ్ళు చేసే తానం. ఆషాఢంలో తాగిన గంజికి కార్తీకంలో, ఆ చలిలో, పళ్ళు లేని దవడలు టకటక కొట్టుకుంటుంటే, ఇంకోసారి మునిగింది. అమ్మాజీ ఒడ్డున నిలబడి, "చాలమ్మా, చాలు, ఊపిరితిత్తులకి పడుతుంది," అని బతిమాలుతోంది.

ఇంక నాతో మాట్లాడదు, అనుకుంది శేషారత్నం. అనుకుని, ఆ అనుకోవడం ఎక్కడైనా నొప్పి పెడుతుందేమోనని చూసుకుంది. పెట్టలేదు. ఒంగి మిరపకాయలు ఏరింది.

మామ్మ నీళ్ళోడుకుంటూ వచ్చింది. గుమ్మం దాటి, పొయ్యికి ఎదురుగా, మంగమ్మ కూర్చునే చోట కూర్చుంది. మడతలు పడ్డ మొహం మీద నుంచి నీళ్ళు ఇంకా కారుతున్నాయి.

"నాకూ అదే గంజి గదే పోశావు," అంది.

"అవును మామ్మా."

"మీ అయ్యకీ?"

"అవును."

ముసలావిడ పొయ్యిలో బూడిద వంక చూసింది. ఆ తలలో ఏ లెక్క ఎటు తిరుగుతోందో మనకి తెలియదు.

"చలేస్తోంది," అంది చివరికి. "గంజి పొయ్యి."

అమ్మాజీ గుమ్మంలో నిలబడిపోయింది. శేషారత్నం లేచి, చేతులు కడుక్కుని, కుండలో గంజి వెచ్చబెట్టి గిన్నెలో పోసింది. ఉప్పు వేసింది. వేశానా లేదా అని అనుమానం వచ్చి మళ్ళీ వెయ్యబోతే మామ్మ గిన్నె లాక్కుంది.

"చాలు తల్లీ. ఇదీ సముద్రం చెయ్యకు."

శేషారత్నం పెదవుల చివర, ఇన్నాళ్ళూ రాని నవ్వు లాంటి చిన్న కదలిక వచ్చినట్టయింది. వచ్చినట్టే వచ్చి ఆగిపోయింది. అయినా వచ్చింది.

*

అమ్మాజీ మళ్ళీ మనిషయింది. పనులు చక్కబెట్టే మనిషి ఆమె. కష్టం ఏదో తెలిస్తే చాలు, కొంగు బిగించేస్తుంది. తల్లికి పొడి చీర చుట్టబెడుతూనే గుసగుసగా మాట్లాడింది.

"సరే, ఇంట్లో మాట ఇంట్లోనే పోయింది. అన్నయ్యకి చెప్పొద్దు. అమ్మా, నువ్వు కూడా నోరు కుట్టేసుకో. ఇప్పుడు చెయ్యాల్సిందల్లా ఏవిటంటే, శేషా, ఈసారి నీకు వచ్చినప్పుడు ఆ కోడిని ఇంకో చోటికి మార్చేసి, పంచలో దర్జాగా కూర్చోవాలి. దోనెల మీద పోయేవాళ్ళందరూ చూడాలి. బంగారమ్మనైతే నేనే పిలిచి చూపిస్తాను. అంతటితో ఒక్కడు నోరెత్తడు. గంటాలమ్మ వస్తే ఒక చీర పెట్టి పంపేద్దాం. ఎప్పుడే నీకు? పౌర్ణమి ఇవతలా అవతలా?"

శేషారత్నం ఏరి తెచ్చిన మిరపకాయలకి తొడిమలు తుంచసాగింది.

"ఎప్పుడే అంటుంటే?"

"తెలీదత్తా."

"తెలీకపోవడమేంటి? ఆషాఢంలో ఒకసారి దాచావు. తర్వాత శ్రావణంలో?"

"రాలేదు."

"భాద్రపదంలో?"

"రాలేదు. అమ్మ పోయాక నాకూ జ్వరం వచ్చింది గదా. దాని తర్వాత మరి రానేలేదు."

అమ్మాజీ చేతిలో చీర కొంగు అలాగే ఉండిపోయింది.

"నన్నెవరూ ముట్టుకోలేదత్తా," అంది శేషారత్నం. "బోర్డింగులో ఇద్దరు ముగ్గురికి ఇలాగే అయింది. ఒంట్లో నెత్తురు లేకపోతే ఆగిపోతుంది, బాగా తింటే దానంతటదే వస్తుందని రూతమ్మగారు అన్నారు. అందుకే ఏలూరు తీసుకెళ్ళమన్నాను."

నమ్మాలని అమ్మాజీకి ఉంది. ఆమె మొహం చూస్తే తెలుస్తోంది. ఈ పిల్ల మణికట్టు వంక చూసింది. గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి. జాకెట్టు భుజాల దగ్గర వదులై వేలాడుతోంది. ఆ తర్వాత ఆమె చూపు మెల్లిగా దిగి శేషారత్నం కడుపు మీద ఆగింది. ఆగింది ఒక్క క్షణమే. ఆ ఒక్క క్షణాన్నీ శేషారత్నం చూసింది.

"ఏవండోయ్! ఇంట్లో ఎవరున్నారు?"

రేవు దగ్గర నుంచి ఆడగొంతు. ముగ్గురూ తిరిగి చూశారు. వీరాస్వామి దోనె ఒడ్డుకి వస్తోంది. అందులో చేపల బుట్ట పక్కన, ఒళ్ళో గుడ్డమూట పెట్టుకుని, లావుపాటి వెండి కడియాల ముసలామె ఒకర్తి కూర్చుని ఉంది. దారిలో ఎక్కించుకున్నట్టున్నాడు. వీరాస్వామి గెడ నీళ్ళలో దింపి అలాగే పట్టుకుని నిలబడ్డాడు, దిగకుండా. ఎప్పుడూ దోనె ఆగకముందే గట్టు మీదకి దూకే మనిషి.

"చెప్పేసింది," అంది అమ్మాజీ ఊపిరి బిగబట్టి. "ఆ గంటాలమ్మ ముండ అన్నయ్యకి చెప్పేసింది."

అప్పుడు శేషారత్నం ఒక పని చేసింది. ఆలోచించి చేసిందనలేం. భయపడి చేసిందనీ అనలేం, ఆమెలో భయమనేది ఎక్కడుందో ఆమెకే తెలియదు. పెరటి గుమ్మం లోంచి తూర్పువైపుకి వెళ్ళింది. తాటాకు చూరు కింద వంగి పంచలోకి దూరింది. సత్తు పళ్ళెం, మూతి విరిగిన కుండ ముందుకి లాగి, అందరికీ కనిపించేటట్టు పెట్టింది. ఎర్రకోడిని గడ్డితో సహా ఒక వారకి జరిపి, ఆ చాప మీద మోకాళ్ళు దగ్గరగా ముడుచుకుని, తల దించుకుని కూర్చుంది.

ఇప్పుడు ఆమెని ఎవరూ ముట్టుకోకూడదు. చెయ్యి పట్టి లాగకూడదు, కడుపు మీద చెయ్యి వేసి చూడకూడదు, ఏ వేరూ నూరి నోట్లో పొయ్యకూడదు. ఆ నాలుగు తాటి గుంజల మధ్య ఆమె జోలికి రావడానికి లంకలో ఏ మనిషికీ అధికారం లేదు.

కోడి కొంచెంసేపు గునిసింది. తర్వాత సర్దుకుంది. దాని కింద ఎక్కడో ఒక పెంకు చిట్లిన చప్పుడు.

గంటాలమ్మ కడియాలు గలగలమనిపిస్తూ గట్టెక్కింది. నడుము మీద చేతులు వేసుకుని పంచ వంక చూసింది. అమ్మాజీ వంక చూసింది.

"ఏమ్మా, నువ్వు చెప్పిన పిల్ల ఈ పిల్లేనా?"

"ఈ పిల్లేనండి."

"బయట ఉందా?"

అమ్మాజీ తడి చేతులు కొంగుకి తుడుచుకుంది. ఒక్క మాట చాలు. కాదంటే మేనకోడలి నాటకం అక్కడితో సరి. అవునంటే, తను నమ్మీ నమ్మని దానికి పూచీ పడ్డట్టు. గుమ్మంలో ముసలావిడ గంజి గిన్నె రెండు చేతులతో పట్టుకుని కూతురి వంకే చూస్తోంది.

"ఆయ్," అంది అమ్మాజీ. "పొద్దున్నే చేరిందండి. ఊరికే మిమ్మల్ని శ్రమ పెట్టాను. మా వదిన పోయిన బెంగలో రెండు నెలలు అటూ ఇటూ అయినట్టుంది. ఆడపిల్లలకి మామూలే గదండి."

నీళ్ళలో వీరాస్వామి గెడ వదిలేశాడు. అది తేలుతూ పోతుంటే పట్టుకోలేదు. కూతుర్ని చూడలేదు, పంచ వంకే చూశాడు. అతని భుజాలు, ఎవరో బస్తా దించినట్టు, ఒక్కసారిగా కిందికి దిగాయి. మోచేత్తో కళ్ళు తుడుచుకుని, చేపల బుట్ట ఎత్తుకున్నాడు. అయ్య నమ్మాడు. ఆ అబద్ధం ఎంత బరువో అప్పుడు తెలిసింది శేషారత్నానికి. చేతికి ఏదో తగిలినట్టు, నిజంగా తెలిసింది.

గంటాలమ్మ మాత్రం కదల్లేదు. పంచ దగ్గరకంటా వచ్చి, ఎంత దూరంలో ఆగాలో సరిగ్గా అంత దూరంలో ఆగింది. గడ్డి మీద కోడిని చూసింది. చాప చూసింది. చాప మీద ఏమీ పరవకుండా కూర్చున్న పిల్లని కిందికీ పైకీ చూసి, మొహం నిండా నవ్వింది. ఎంతో ఆపేక్షగల నవ్వు.

"పోన్లే తల్లీ, మంచి మాట చెప్పారు," అని గుడ్డమూట అరుగు మీద దింపింది. "ఎలాగూ వచ్చాను గదా, తానం చేసేదాకా ఈ మూడు రోజులూ ఇక్కడే ఉండి పోతాను. పాపం, తల్లి లేని పిల్ల. నీ గుడ్డలు నేనే ఉతికి పెడతాలే."